ధ్వనిముద్రణ పరిభాష: ఒక చారిత్రక పరిశీలన

శాస్త్ర పరిభాషకు దేశం లేదు, కాలం లేదు, వర్గం లేదు అని మనలో చాలామంది నమ్ముతారు. కవిత్వంలో మాటలకు చరిత్ర ఉంటుందని ఒప్పుకునేవారు కూడా 'ఫ్రీక్వెన్సీ', 'డెసిబెల్', 'నాయిస్', 'శాంప్లింగ్', 'కంప్రెషన్' వంటి మాటల దగ్గరికి వచ్చేసరికి, అవి ప్రకృతి తానై పెట్టుకున్న పేర్లన్నట్టు మాట్లాడతారు. ఈ నమ్మకం వల్ల రెండు నష్టాలు కలుగుతున్నాయి. విద్యార్థి ఆ మాటల్ని మంత్రాల్లా కంఠస్థం చేస్తాడు. సాహిత్యజీవి అవి తనకు సంబంధించినవి కావని పక్కకు తప్పుకుంటాడు. నేను భౌతికశాస్త్రం బోధించేవాణ్ణి; సాహిత్యం చదువుకునేవాణ్ణి. ఈ రెండు నష్టాలూ నిత్యం నా కంటబడుతున్నాయి కనుకనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ముందే ఒక విషయం స్పష్టం చేయాలి. గాలిలో కంపనం ఎట్లా ప్రయాణిస్తుందన్నది ఏ వర్గం ఇష్టాయిష్టాల మీదా ఆధారపడదు. అది ప్రకృతి నియమం. కాని ఆ కంపనంలో ఏ భాగాన్ని కొలవాలి, ఎక్కడ కోసెయ్యాలి, దేన్ని సంకేతమనాలి, దేన్ని రొద అనాలి అన్నవి మనుషుల నిర్ణయాలు. ఆ నిర్ణయాలు ప్రెస్సుల్లో, కర్మాగారాల్లో, టెలిఫోను కంపెనీల లెక్కల పుస్తకాల్లో, యుద్ధ కార్యాలయాల్లో జరిగాయి. వాటి ఆనవాళ్లే మన పరిభాష.

ధ్వనిని మొట్టమొదట కాగితం మీదికి ఎక్కించినవాడు పేరుమోసిన శాస్త్రజ్ఞుడు కాదు. పారిస్ నగరంలో అచ్చుపని చేసి బతికిన ఎదువార్ లియాన్ స్కాట్ ద మార్తన్‌విల్ అనే మనిషి. శరీరశాస్త్ర గ్రంథం ప్రూఫులు దిద్దుతూ, చెవి నిర్మాణం గురించి చదివి, చెవిలో పొర కదిలినట్టే కదిలే ఒక పొరను అమర్చి, దానికి ఒక వెంట్రుక ముల్లు తగిలించి, మసి పూసిన కాగితం మీద దాన్ని రాయనిచ్చాడు. 1857 మార్చి 25న దీనికి పేటెంటు తీసుకున్నాడు. కంపోజిటరు చేతిలో మాట అచ్చు అయినట్టే, గొంతులోని మాట తనంత తాను రాసుకోవాలన్నది అతని ఆశయం. తిరిగి వినిపించాలన్న తలంపు అతనికి లేదు; ఆ గీతల్ని కంటితో చదవడమే అతని ఉద్దేశం. నేడు కంప్యూటరు తెర మీద విద్యార్థులు చూసే వంకరటింకర రేఖకు మూలపురుషుడు ఈ ప్రెస్సు పనివాడే.

ఆ కాగితాల్లో ఒకటి 1860 ఏప్రిల్ 9 నాటిది. దాని మీద ఒక ఫ్రెంచి జానపద గీతం ముక్క ఉంది. 2008లో అమెరికాలోని పరిశోధకులు కంప్యూటరు సహాయంతో ఆ గీతల్ని తిరిగి ధ్వనిగా మార్చారు. ఏదో బాలిక పాడుతున్నట్టు వినిపించింది. లోకమంతా అట్లాగే చెప్పుకుంది. మరుసటి ఏడు సంగతి వేరని తేలింది. స్కాట్ తన గీతల పక్కనే ఒక శ్రుతిదండం కంపనాన్ని కూడా గీయించి, కాలానికి కొలతగా ఉంచాడు. దాని వేగం 500 కంపనాలని లెక్క. కాని ఆనాటి ఫ్రెంచి శాస్త్రజ్ఞులు అటు పోవడాన్ని ఒక కంపనంగా, ఇటు రావడాన్ని మరొక కంపనంగా లెక్కించేవారు. మన లెక్కన అటూ ఇటూ కలిస్తేనే ఒక ఆవృత్తి. అంటే 500 కాదు, 250 హెర్ట్జులు. దానితో పాట వేగం సగానికి తగ్గింది. గొంతు ఒక స్థాయి కిందికి దిగింది. బాలిక అనుకున్న ఆ గొంతు 42 ఏళ్ల స్కాట్‌దే అయి ఉంటుందని నిర్ధారించారు. ఒక్క పారిభాషిక పదం అర్థం తేడా పడితే మగవాడి గొంతు ఆడపిల్ల గొంతయింది! పరిభాష చరిత్ర తెలుసుకోవడం వల్ల ప్రయోజనమేమిటని అడిగేవారికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నేను చూపలేను.

ఈ ఉదాహరణలోనే రెండు మౌలిక పదాల అర్థం ఇమిడి ఉంది. ఊయల ఎంత దూరం ఊగుతుందన్నది కంపన పరిమితి. దాన్నిబట్టి ధ్వని గట్టిదనం. సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్నది పౌనఃపున్యం, అంటే ఫ్రీక్వెన్సీ; దాన్నిబట్టి శ్రుతి. పౌనఃపున్యం రెట్టింపయితే గొంతు మంద్రం నుంచి మధ్యమానికో, మధ్యమం నుంచి తారానికో ఒక స్థాయి పైకి పోతుంది. మన సంగీతం తెలిసినవారికి ఇది కొత్త విషయం కాదు; పేరే కొత్త.

ధ్వనిని తిరిగి వినిపించిన ఘనత 1877లో ఎడిసన్‌ది. తగరపు రేకు చుట్టిన స్తూపం మీద ముల్లుతో నొక్కించి, మళ్లీ ముల్లు నడిపి మాటను పలికించాడు. మరుసటి సంవత్సరం ఒక పత్రికలో తన యంత్రం ఉపయోగాలను వరుసగా రాశాడు. అందులో మొదటిది వ్యాపార లేఖలు చెప్పి రాయించుకోవడం. సంగీతం ఆ తరువాత ఎక్కడో వచ్చింది. యంత్రం పుట్టింది కచేరీ కోసం కాదు, కచ్చేరీ కోసం. 1887లో బెర్లినర్ స్తూపానికి బదులు చదునైన పళ్లాన్ని పెట్టడంతో పరిస్థితి మారింది. స్తూపాన్ని పెద్దఎత్తున నకళ్లు తీయడం కష్టం. పళ్లాన్ని అచ్చు వేయవచ్చు. దానితో ధ్వని సరుకయింది.

సరుకు తయారీతో పాటే పరిభాష వచ్చింది. గాయకుడి ఎదుట మైనం మీద చెక్కిన గాడి నుంచి లోహపు అచ్చు తీస్తారు. దాన్ని 'మాస్టర్' అన్నారు. దాని నుంచి తీసిన ప్రతిబింబాన్ని 'మదర్' అన్నారు. తల్లి నుంచి తీసిన అచ్చు 'స్టాంపర్'. స్టాంపరు కింద నలిగి బయటికొచ్చేది మనం కొనే ప్లేటు. యజమాని, తల్లి, అచ్చుదిమ్మ: ఒక కుటుంబమూ ఒక కర్మాగారమూ కలిసి ఈ మూడు మాటల్లో ఉన్నాయి. యజమాని భద్రంగా బీరువాలో ఉంటాడు. ప్రసవాలన్నీ తల్లివి. అరిగిపోయేది స్టాంపరు.

'యజమాని' అన్న మాట అంతటితో ఆగలేదు. మన తాతల ఇళ్లలో గ్రామఫోను ప్లేట్ల మీద బూరా ముందు కూర్చున్న కుక్క బొమ్మ ఉండేది. ఇంగ్లీషు చిత్రకారుడు ఫ్రాన్సిస్ బారో మొదట ఆ కుక్కను స్తూపం యంత్రం ముందు కూర్చోబెట్టాడు. 1899లో గ్రామఫోను కంపెనీ ఆ చిత్రాన్ని కొని, పాత యంత్రం మీద రంగు పూయించి తన యంత్రాన్ని వేయించుకుంది. 'యజమాని గొంతు' అన్నది కంపెనీకి ముద్రయింది. పరాయి పాలనలో ఉన్న దేశంలో ఆ బొమ్మ ఊరూరా తిరగడంలోని వ్యంగ్యం పాఠకులకు వివరించనక్కరలేదు.

ఆ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ గొంతు ముద్రించాడు. అచ్చు వేసింది కలకత్తాలో కాదు. మైనపు మూలాలు జర్మనీలోని హానోవర్‌కు ఓడ మీద పోయేవి. అక్కడి పనివారికి ఏ గొంతు ఎవరిదో తెలియాలి కనుక పాట చివర ఆమె ఇంగ్లీషులో తన పేరు చెప్పేది. దాన్ని నేడు కొందరు కళాకారిణి గర్వంగా భావిస్తారు. గర్వం ఉండవచ్చు, కాని దాని వెనుక ఒక సరుకు గుర్తింపు చీటీ ఉంది. 1908లో కలకత్తాలోనే కర్మాగారం వచ్చింది.

ఆ ప్లేటు దేనితో చేశారు? రాతిపొడి, దూది పీచు, మసి, వీటన్నిటినీ పట్టి ఉంచే లక్క. మహాభారతంలో పాండవుల కోసం కట్టిన ఇంటి లక్కే, ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసే లక్కే. ప్రపంచం వాడిన లక్కలో అత్యధిక భాగం మన దేశానిదే. అందులోనూ ఛోటానాగపూర్ అడవులది. మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద పురుగు పెట్టిన లక్కను ఆదివాసులు గీకి తెస్తే, దళారుల చేతులు మారి, కరిగి, రేకులై, ఓడలెక్కి, బెర్లిను నాట్యశాలల్లోనూ న్యూయార్కు హోటళ్లలోనూ పాటలై మోగింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ లక్క యుద్ధ సామగ్రికి కావలసివచ్చి, 1942లో అమెరికా ప్రభుత్వం ప్లేట్ల తయారీకి దాని వాడకాన్ని తీవ్రంగా తగ్గించింది. కంపెనీలు పాత ప్లేట్లు తిరిగి కొని కరిగించాయి. సంగీత చరిత్రలో గాయకుల పేర్లున్నాయి, కంపెనీల పేర్లున్నాయి. లక్క గీకిన చేతుల ప్రస్తావన మాత్రం ఏ ప్లేటు చీటీ మీదా లేదు.

పది అంగుళాల ప్లేటు ఒక వైపున పట్టేది సుమారు మూడు నిమిషాలు. ఈ మూడు నిమిషాలు సంగీత నియమం కాదు. నిమిషానికి 78 సార్లు తిరిగే పళ్లెం మీద గాడి ఎంత సన్నంగా చెక్కవచ్చునో దాన్నిబట్టి వచ్చిన హద్దు. కాని ఆ హద్దు కళకు ఎల్లయింది. పాండవోద్యోగ విజయాల పద్యం ప్లేటు మీదికి ఎక్కింది గాని, రంగస్థలం మీద ఆ పద్యం చివర నటుడు తీసే సాగదీత రాగం కత్తిరింపుకు గురయింది. రాత్రంతా సాగే వీధి భాగవతం, గంటల కొద్దీ నడిచే బుర్రకథ మూడు నిమిషాల్లో ఎట్లా ఇముడుతాయి? ముక్కలుగా ఇమిడినవి నిలిచాయి. ఇమడనివి చాలావరకు గాలిలో కలిశాయి. రేపటి చరిత్రకారుడు ప్లేట్లు చూసి, ఆనాటి ప్రజలు వినింది ఇదేనని రాస్తే అది సగం సత్యమే అవుతుంది.

1925 వరకు గాయకుడు ఒక బూరాలోకి అరిచి పాడేవాడు. ఆ బూరా పట్టుకున్నది సుమారు 250 నుంచి 2,500 హెర్ట్జుల మధ్య ధ్వనిని మాత్రమే. మృదంగం మంద్రనాదం పోయేది, తాళాల తళుకు పోయేది. 1925లో మైక్రోఫోను, వాల్వుల ఆంప్లిఫయరు వచ్చి పై హద్దును దాదాపు 5,000 దాకా తీసుకుపోయాయి. ఈ పద్ధతిని తయారుచేసింది గ్రామఫోను కంపెనీ కాదు. అమెరికా టెలిఫోను కంపెనీ ప్రయోగశాల. అక్కడి నుంచి ధ్వని పరిభాష టెలిఫోను పరిభాష అయింది.

'డెసిబెల్' చరిత్ర చూడండి. టెలిఫోను తీగ పొడుగెక్కే కొద్దీ మాట బలహీనపడుతుంది. ఎంత బలహీనపడిందో చెప్పడానికి మొదట 'ప్రామాణిక తీగ మైలు' అనే కొలత ఉండేది. అంటే ఒక మైలు తీగలో పోయినంత నష్టం. 1920లలో ఆ కొలతను సరిదిద్ది మొదట 'ప్రసార మానం' అనీ, ఆ దశాబ్దం చివర టెలిఫోను ఆద్యుడు బెల్ పేరు మీద 'డెసిబెల్' అనీ పిలిచారు. కనుక డెసిబెల్ పుట్టింది గట్టిదనం కొలవడానికి కాదు. కంపెనీ నష్టం కొలవడానికి. అది అడుగు, గజం వంటి కొలత కూడా కాదు. ఒకదానితో ఒకటి పోల్చే నిష్పత్తి. శక్తి పదిరెట్లయితే 10 డెసిబెళ్లు, నూరు రెట్లయితే 20, రెట్టింపయితే సుమారు 3. దేనితో పోల్చామో చెప్పకుండా ఇన్ని డెసిబెళ్లని చెప్పడం, ఎవరికన్నానో చెప్పకుండా 'వాడు మూడు రెట్లు ధనికుడు' అన్నట్టే ఉంటుంది.

టెలిఫోను కంపెనీకి మరొక లెక్క కావలసివచ్చింది. ఒకే తీగ మీద ఎక్కువ సంభాషణలు పంపాలంటే ఒక్కొక్క గొంతుకు ఎంత చోటివ్వాలి? మాట అర్థమయితే చాలు, గొంతు మాధుర్యం అక్కరలేదన్నారు. చివరకు 300 నుంచి 3,400 హెర్ట్జుల వరకు ఇచ్చి తక్కినది కోసేశారు. 'బ్యాండ్‌విడ్త్' అన్న మాటకు మూలార్థం ఈ చోటే. కాని మన 'స'కారం బలమంతా ఎక్కువగా 4,000 హెర్ట్జులకు పైన ఉంటుంది. ఆ టెలిఫోనులో అది బయట నిలబడిపోతుంది. ఫోనులో పేరు చెప్పేటప్పుడు అక్షరానికొక ఉదాహరణ ఇచ్చి చెప్పవలసిరావడం మన ఉచ్చారణ దోషం కాదు. చోటు పొదుపు చేసుకున్నవారి నిర్ణయ ఫలితం.

'నాయిస్' అన్న మాట ఇంకా ఆలోచించదగింది. 1918లో షాట్కీ వాల్వులోని రొదను, 1928లో జాన్సన్, నైక్విస్ట్ వేడి వల్ల తీగలోనే పుట్టే రొదను లెక్కకట్టారు. పదార్థంలో కణాలు నిత్యం కదులుతూనే ఉంటాయి కనుక రొద లేని యంత్రం ఉండదు. ఇది ప్రకృతి. కాని ఏది సంకేతం, ఏది రొద అన్నది వినేవాడి అక్కరను బట్టి మారుతుంది. మిల్లులో యంత్రం మోత యజమాని కార్యాలయానికి రొద. మెకానిక్కు అదే సంకేతం, ఆ మోత మారితే బేరింగు పోయిందని అతనికి తెలుస్తుంది. యుద్ధకాలపు చరిత్రలో దీనికొక గొప్ప నిదర్శనం ఉంది. 1943 నుంచి అమెరికా, బ్రిటన్ నాయకుల రహస్య సంభాషణలకు 'సిగ్‌సాలీ' అనే 50 టన్నులకు పైబడిన యంత్రాన్ని వాడారు. మాటను అంకెలుగా మార్చి, వాటికి కేవలం రొదనుంచి తీసిన అంకెలను కలిపేవారు. ఆ రొదను గ్రామఫోను ప్లేట్ల మీద ముద్రించి, ఒకే జత ప్లేట్లను రెండు చివరలా ఒకే వేగంతో తిప్పేవారు. వాడిన తరువాత ధ్వంసం చేసేవారు. దొంగచాటుగా వినేవాడికి అంతా రొదే. ప్లేటు ఉన్నవాడికి మాత్రమే మాట. రొదే తాళం, రొదే తాళపుచెవి!

మాటను అంకెలుగా మార్చడమంటే ఏమిటి? గోదావరికి వరదొచ్చినప్పుడు భద్రాచలం దగ్గర నీటిమట్టాన్ని గంటగంటకూ చదివి ప్రకటిస్తారు. నది నిరంతరం ప్రవహిస్తూనే ఉంటుంది. మనకు వచ్చేది గంటకొక అంకె. నది గంటకొకసారి చదవడం శాంప్లింగ్. 43 అడుగులా, 48 అడుగులా అని దగ్గరి గీతకు సరిపెట్టి చెప్పడం క్వాంటైజేషన్. కొలబద్ద మీద అంగుళాల గీతలుంటే కొలత మెరుగు. అడుగుల గీతలే ఉంటే మోటు. 'బిట్ డెప్త్' అంటే ఆ కొలబద్ద మీద గీతలెన్ని అని. 16 బిట్లంటే 65,536 గీతలు. ఒక్కొక్క బిట్టుకు సుమారు 6 డెసిబెళ్ల చొప్పున మొత్తం 96 దాకా వ్యాప్తి. నీరు కొలబద్ద పై అంచును దాటిపోతే ఇక చదవగలిగింది చివరి గీతే. ధ్వనిలో దీన్నే 'క్లిప్పింగ్' అంటారు; తల తెగిన తరంగమన్నమాట.

ఎంత తరచుగా చదవాలి? చాలా అరుదుగా చదివితే నష్టమే కాదు, అబద్ధం పుడుతుంది. సినిమాలో బండి ముందుకు పోతుంటే చక్రం వెనక్కి తిరిగినట్టు కనబడడం అందరూ చూసిందే. సెకనుకు 24 బొమ్మలు తీసే కెమెరా చక్రం వేగాన్ని అందుకోలేక లేని చలనాన్ని చూపుతుంది. ధ్వనిలో ఈ మోసానికి 'ఎలియాసింగ్' అని పేరు. దాన్ని తప్పించుకోవాలంటే అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు చదవాలి. ఈ నియమానికి దగ్గరగా 1928లో అమెరికాలో నైక్విస్ట్ వచ్చాడు. 1933లో సోవియట్ యూనియన్‌లో యువ ఇంజనీరు కొతెల్నికోవ్ సంపూర్ణంగా నిరూపించాడు. 1949లో షానన్ తన మార్గాన మళ్లీ చెప్పాడు. పాశ్చాత్య పాఠ్యపుస్తకాలు చాలాకాలం కొతెల్నికోవ్ పేరు ఎత్తలేదు. రష్యన్ పుస్తకాలు అతని పేరుతోనే ఆ సిద్ధాంతాన్ని పిలిచాయి. శత్రుశిబిరాల్లో ఉన్న ఇద్దరు ఒకే నియమానికి చేరడం, విజ్ఞానాన్ని 'బూర్జువా గణితం', 'శ్రామిక గణితం' అని చీల్చేవారికి జవాబు. పేరు పెట్టడంలో జరిగిన పక్షపాతం, పరిభాష నిర్మలమనేవారికి జవాబు.

ఇట్లాంటిదే టేపు కథ. కాగితం మీద లోహపు పొడి పూసి ధ్వనిని పట్టే పద్ధతికి 1928లో జర్మనీలో ప్ఫ్లాయ్‌మర్ పేటెంటు తీసుకున్నాడు. ఆయెగె కంపెనీ 1935లో బెర్లిన్ ప్రదర్శనలో 'మాగ్నెటోఫోన్' చూపింది. టేపు తయారుచేసింది ఐ.జి. ఫార్బెన్, నాజీ యుద్ధయంత్రానికి వెన్నెముకగా నిలిచిన గుత్త సంస్థ. 1940లో వెబర్, ఫాన్ బ్రౌన్‌మ్యూల్ కలిసి 'బయాస్' పద్ధతిని స్థిరపరిచారు. వినబడనంత ఎక్కువ పౌనఃపున్యం గల విద్యుత్తును ధ్వనితో కలిపి పంపితే టేపు మీది వక్రత, బుసబుస బాగా తగ్గిపోతాయి. నాజీ రేడియోలో ముద్రించిన ప్రసంగం అప్పుడే మాట్లాడుతున్నట్టు వినిపించింది. యుద్ధం ముగియగానే అమెరికా సైన్యంలోని జాన్ మలిన్ రెండు యంత్రాలను విడగొట్టి ఇంటికి పంపుకున్నాడు. 1946లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వినిపించాడు. 1947లో గాయకుడు బింగ్ క్రాస్బీ తన రేడియో కార్యక్రమానికి వాడుకున్నాడు. 1948లో ఆంపెక్స్ యంత్రం అంగడికొచ్చింది. పరాజితుల పేటెంట్లు విజేతలకు కొల్లగా దక్కిన ఫలం, తరువాతి తరం స్టూడియోలన్నిటికీ పునాది.

తరంగాన్ని విడదీసి చూపే గణితానికి కూడా చరిత్ర ఉంది. ఎంత చిక్కనైన ధ్వనినైనా సరళమైన కంపనాల మొత్తంగా రాయవచ్చునన్నది ఫూరియే భావన. ఫ్రెంచి విప్లవకాలపు మనిషి ఆయన; వేడి ఎట్లా పారుతుందో వివరించడానికి 1822 గ్రంథంలో ఈ గణితాన్ని ప్రకటించాడు. దాన్ని యంత్రం చేత వేగంగా చేయించే పద్ధతిని 1965లో కూలీ, ట్యూకీ ప్రచురించారు. దాని వెనుక ఉన్న తొందరల్లో ఒకటి, సోవియట్ భూగర్భ అణుపరీక్షల కంపనాలను దూరం నుంచి గుర్తుపట్టడం. నేడు మన సెల్‌ఫోనులో పాట వెంట గంతులు వేసే రంగుల స్తంభాల వెనుక ఆ అణుభయం ఉందని ఎందరికి తెలుసు?

1982లో ఫిలిప్స్, సోనీ సీడీని అంగడిలోకి తెచ్చాయి. సెకనుకు 44,100 సార్లు చదవాలన్నారు. మనిషి చెవి 20,000 హెర్ట్జుల వరకు వింటుంది కనుక 40,000కు పైన కావాలి, ఇది ప్రకృతి. కాని సరిగ్గా 44,100 ఎందుకు? ఆనాడు అంకెల ధ్వనిని నిలవ చేయడానికి చేతికి దొరికింది టెలివిజన్ వీడియో టేపు. గీతకు మూడు అంకెలు, 245 గీతలు, సెకనుకు 60 చిత్రభాగాలు: గుణిస్తే 44,100. ఐరోపా లెక్కన మూడు, 294, 50: మళ్లీ 44,100. విద్యార్థి ఏదో దైవసంఖ్యలా కంఠస్థం చేసే ఆ అంకె, పాత సామాను వాడుకోవడంలో కుదిరిన సర్దుబాటు.

'కంప్రెషన్' అన్న మాట రెండు వేరువేరు పనులకు వాడబడుతున్నది. ఒకటి, గట్టి ధ్వనిని తగ్గించి మెల్లని ధ్వనిని పైకెత్తి అంతటినీ ఒకే మట్టానికి తేవడం. రెండవది, అంకెల మూటను చిన్నది చేయడం. 1990ల మొదట స్థిరపడిన ఎంపీ3 రెండవ రకం. గట్టి ధ్వని పక్కన ఉన్న మెల్లని ధ్వనిని చెవి పట్టించుకోదన్న పరిశీలన మీద అది నిలిచింది. చెవి పట్టించుకోనిదాన్ని పారేస్తుంది. ఏది పారెయ్యవచ్చునో ఐరోపాలో కొందరు శ్రోతల చెవులతో, కొన్ని పాటలతో పరీక్షించి నిర్ణయించారు. జర్మన్ ఇంజనీరు బ్రాండెన్‌బుర్గ్ ఒక అమెరికన్ గాయని ఒంటి గొంతు పాటను పదేపదే వాడి లోపాలు దిద్దుకున్నాడు. చెవి నిర్మాణం అందరికీ ఒక్కటే కనుక ఆ నిర్ణయాలు చాలావరకు మనకూ పనికొచ్చాయి. అయినా ప్రమాణం తయారయ్యే గదిలో ఏ గొంతు ఉంది, ఏ గొంతు లేదు అని అడగడం మన హక్కు. ఆ ప్రమాణం మీద అనుమతి రుసుము వసూలు 2017 వరకు సాగింది.

ఇక్కడ మన తెలుగు సంగతి వస్తుంది. పాఠ్యపుస్తకం 'పౌనఃపున్యం' అంటుంది. స్టూడియోలో పనివాడు 'ఫ్రీక్వెన్సీ', 'గెయిను', 'బేసు', 'ట్రెబులు' అంటాడు. మొదటిది పలకడానికే భయపడే విద్యార్థులున్నారు. రెండవది వాడుతూ అర్థం తెలియని పనివారున్నారు. సంస్కృత సమాసం చేసినంత మాత్రాన విజ్ఞానం తెలుగు కాదు. ఇంగ్లీషు మాట ఉన్నంత మాత్రాన పరాయిదీ కాదు. జనం నోట నిలిచిన మాటే భాష అని గిడుగు రామమూర్తి జీవితమంతా పోరాడి చెప్పింది విజ్ఞానానికీ వర్తిస్తుంది. పనివాడు వాడే మాటను ఉంచుదాం. అయితే దాని వెనుక ఉన్న అర్థాన్ని శ్రుతి, స్థాయి, రొద, కొలబద్ద, వరదమట్టం వంటి మన మాటలతో విప్పుదాం. మాట అరువైనా తెలివి సొంతం కావాలి.

మాటలు మారిస్తే చాలునన్న భ్రమ కూడా కూడదు. ఒక యంత్రం గడియారం ప్రకారం మరొక యంత్రం నడిచే సందర్భంలో చాలాకాలం 'యజమాని', 'బానిస' అన్న మాటలు వాడారు. ఇటీవలి సంవత్సరాల్లో కొన్ని ప్రామాణిక సంస్థలు వాటిని విడిచిపెట్టాయి. మంచిదే. కాని గాయకుడి మూలప్రతి ఎవరి బీరువాలో ఉంది, లక్క గీకినవాడికి ఎంత ముట్టింది అన్న ప్రశ్నలు మాట మార్పుతో తీరవు.

నేడు యంత్రాలకు తెలుగు వినడం నేర్పుతున్నారు. అందుకోసం గొంతులు ముద్రిస్తున్నారు. ఏ జిల్లా గొంతులు? చదువుకున్నవారివా, పొలంలో పనిచేసేవారివా? పాలమూరు పలుకుబడిని, శ్రీకాకుళం యాసను యంత్రం సంకేతంగా గుర్తిస్తుందా, రొదగా తోసేస్తుందా? ఒకనాడు టెలిఫోను తీగ 'స'కారాన్ని బయట నిలబెట్టింది. మూడు నిమిషాల ప్లేటు బుర్రకథను తోసిపుచ్చింది. ఆ నిర్ణయాలు జరిగేటప్పుడు ఆ గదుల్లో మనం లేము. ఇప్పటి నిర్ణయాలు మన కాలంలో, మన ఊళ్లలో, మన విద్యార్థుల చేతుల మీదుగానే జరుగుతున్నాయి. ప్రతి కళాశాలలోనూ సెల్‌ఫోనులున్నాయి. సెలవులకు ఊరికి పోయే విద్యార్థులున్నారు. తమ ఊరి పాటను, పనిపదాన్ని, అవ్వ చెప్పే కథను కత్తిరించకుండా పూర్తి నిడివిలో ముద్రించి, ఎవరు పాడారో, ఎక్కడ పాడారో, ఎన్ని బిట్లతో ఎంత వేగంతో ముద్రించారో పక్కన రాసి భద్రపరచమని వారికి చెప్పడం మన ఉపాధ్యాయుల పని. పరిభాష పాఠం ఆ పనితో మొదలయితే, విద్యార్థి దాన్ని కంఠస్థం చేయనక్కరలేదు.